సారాంశాలన్నీ కంఠతా వచ్చినా ఇంగ్లిష్ లిటరేచర్‌లో మార్కులు ఎందుకు రావట్లేదు?

మీ అమ్మాయి ఐసీఎస్‌ఈ పదో తరగతి, సిలబస్‌లో షేక్స్‌పియర్ నాటకం ‘జూలియస్ సీజర్’తో పాటు కథలూ పద్యాలూ ఉన్నాయి, గైడులో సారాంశాలన్నీ అప్పజెప్పేస్తుంది, అయినా ప్రీబోర్డులో 80కి 46 దాటలేదు అన్నారు. పిల్ల కష్టంలో లోటేం లేదండీ. చదువుతున్న పుస్తకమే తప్పు. ఈ పేపర్లో ప్రశ్న పంక్తి మీద పడుతుంది, గైడేమో కథ చెబుతుంది.

ముందు పేపరు సంగతి. రాయడానికి 2 గంటలు, అంతకు ముందు చదువుకోవడానికి 15 నిమిషాలు. సెక్షన్ ఎ తప్పనిసరి, మల్టిపుల్ చాయిస్, 16 మార్కులు. సెక్షన్ బిలో నాలుగు ప్రశ్నలు, ఒక్కోటి 16. నాటకం, కథ, పద్యం మూడింటి నుంచీ కనీసం ఒక్కోటి రాయాలి, నాలుగోది మన ఇష్టం. ప్రతి ప్రశ్నలో కొన్ని పంక్తులిచ్చి వాటి కింద అయిదు చిన్న ప్రశ్నలు వేస్తారు: నాలుగు మూడేసి మార్కులవి, చివరిది 4. అంటే సెక్షన్ ఎకి 15 నిమిషాలు, మిగతా ఒక్కో ప్రశ్నకి 25, సరిచూసుకోవడానికి 5. చాలామంది పిల్లలు మొదటి ప్రశ్నకే 40 నిమిషాలు తగలేసి, ఆఖరి పద్యం ప్రశ్న పరుగెత్తుకుంటూ రాస్తారు.

ఇక అసలు విషయం. కుట్రదారులు చంపేసిన సీజర్ శవం దగ్గర అతని స్నేహితుడు అంటోనీ చేసే ప్రసంగం, మూడో అంకం రెండో రంగం. ‘అంటోనీ వీలునామా చదివాడు, జనం తిరగబడ్డారు’ అని గైడు ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. మూలంలో అలా ఉండదు. వీలునామా ఉందని ముందే చూపించి, చదవను అంటూ ఊరిస్తాడు. కిందికి దిగి, కత్తిపోట్లు పడ్డ సీజర్ పైవస్త్రం చూపిస్తాడు, తర్వాత శవాన్ని చూపిస్తాడు. అప్పటికే జనం ‘కాల్చండి, చంపండి’ అంటూ బయల్దేరిపోతారు. వాళ్లని వెనక్కి పిలిచి, ‘వీలునామా మరిచిపోయారే’ అని అప్పుడు చదువుతాడు: ప్రతి రోమన్ పౌరుడికీ 75 డ్రాక్మాలు (వెండి నాణేలు), టైబర్ ఒడ్డున తోటలు. ‘దీనికి ముందు ఏం జరిగింది’ అని 3 మార్కుల ప్రశ్న పడితే, సారాంశం బట్టీ పట్టిన పిల్ల అక్కడే బోల్తా పడుతుంది. సిన్నాలు ఇద్దరు, ఒకడు కుట్రదారుడు, ఒకడు కవి. బ్రూటస్‌లూ ఇద్దరే, మార్కస్, డీసియస్, ఇద్దరూ కుట్రదారులే; ఉత్త ‘బ్రూటస్’ అంటే మార్కస్. మల్టిపుల్ చాయిస్‌కి ఇంతకంటే మంచి మేత ఏముంటుంది?

అందుకని గైడు మూసి, ఒక నోట్‌బుక్ పెట్టించండి. మూలంలో 20, 25 పంక్తులు చదవగానే ఎడమ పేజీలో నాలుగు సంగతులు రాయాలి: ఎవరు ఎవరితో అంటున్నారు, అంతకు ముందు ఏమైంది, తర్వాత ఏమవుతుంది, అర్థం కాని మాట ఏది. మొదటిసారి తెలుగులో చెప్పుకున్నా తప్పులేదు. కుడి పేజీలో ఆ పంక్తుల మీద తనే ఒక ప్రశ్న వేసుకుని ఇంగ్లిష్‌లో జవాబు రాయాలి. అంటోనీ రంగం లాంటి పెద్దదాన్ని ఒక్క రోజులో లాగించకండి, మూడు ముక్కలు చేసి మూడు రోజులు తీసుకోండి.

జవాబు ఎలా ఉండాలో చూడండి. ‘బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్’ అని అంటోనీ మళ్లీ మళ్లీ ఎందుకంటాడు? ‘అది ఐరనీ’ (పైకి ఒకటి అంటూ లోపల ఇంకోటి ధ్వనించడం) అని వదిలేస్తే, నేనైతే 1 మార్కుకి మించి వేయను. కుట్రదారుల్ని నిందించనన్న షరతు మీదే మాట్లాడటానికి బ్రూటస్ ఒప్పుకున్నాడు, కాబట్టి నేరుగా తిట్టలేడు. ఇది ఒకటి. ఆ మాట చుట్టూ సీజర్ కిరీటాన్ని మూడుసార్లు కాదనడం, పేదల కోసం కన్నీళ్లు పెట్టడం లాంటివి పేర్చి, సీజర్‌ది పదవీ దాహం అన్న బ్రూటస్ వాదనని కొట్టేస్తాడు. రెండు. చివరికి ఆ పొగడ్తే తిట్టయి, జనం నోటి నుంచే ‘ద్రోహులు’ అన్న మాట వస్తుంది. మూడు. నాలుగు వాక్యాల్లో అయిపోతుంది.

పద్యాల దగ్గర మన పిల్లలకి ఒక అలవాటు అడ్డొస్తుంది. తెలుగు పేపర్లో అలంకారం అంటే లక్షణం, ఉదాహరణ, సమన్వయం. ఇక్కడ సిమిలీ (మన ఉపమ) అంటే ఏమిటని ఎవరూ అడగరు, మార్కులన్నీ సమన్వయానికే. ‘ది గ్లవ్ అండ్ ది లయన్స్’లో సింహాల దెబ్బల్ని దూలాలతో పోలుస్తాడు కవి. సిమిలీ అని పేరు చెప్పి ఆగకుండా, దూలం బరువూ మోటుదనం ఆ పంజా దెబ్బకి ఎలా వచ్చాయో, అలాంటి చోటికి ఒక గ్లవ్ కోసం ప్రియుణ్ణి దూకించిన ఆవిడ గొప్పల పిచ్చి అందువల్ల ఎంత బయటపడిందో రాయాలి. సందర్భ సహిత వ్యాఖ్యలో లాగా కవి పరిచయంతో మొదలుపెట్టడం కూడా మాన్పించండి, దానికి సున్నా.

కథలకి ఇంత శ్రమ అక్కర్లేదు, వస్తువులు గుర్తుంటే చాలు. ‘ది లాస్ట్ లెసన్’లో హామెల్ మాస్టారి ఆకుపచ్చ కోటు, నల్ల పట్టు టోపీ తనిఖీలప్పుడూ బహుమతుల రోజునా మాత్రమే బయటికొస్తాయి. ఆ రోజు ఆ రెండూ కావు, మాస్టారి చివరి పాఠం. వెనక బల్లల మీద ఊరి పెద్దలెందుకు కూర్చున్నారన్న జవాబు కూడా ఆ కోటుతోనే ముడిపడి ఉంటుంది.

ఐసీఎస్‌ఈ పరీక్షలు నడిపే బోర్డు సీఐఎస్‌సీఈ వెబ్‌సైట్‌లో స్పెసిమెన్ పేపర్లతో పాటు, పిల్లలు ఏ ప్రశ్నలో ఎక్కడ తప్పారో చెప్పే విశ్లేషణలు కూడా పెట్టారు. గైడుకి పెట్టే డబ్బులు మిగుల్చుకుని అవి ప్రింటు తీయించండి. వారానికి రెండు ప్రశ్నలు ఫోన్‌లో 25 నిమిషాల టైమర్ పెట్టి రాయించండి. టైమర్ మోగేసరికి నాలుగు మార్కుల జవాబు ఇంకా మొదలే కాలేదంటే, 3 మార్కుల వాటిలో కథ చెబుతోందన్నమాట; ఆ వాక్యాల మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత పెట్టండి.