రిగ్గులో ఉద్యోగం, ఏజెంటుకి రెండు లక్షలు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మావాడు మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. ఏజెంటు ఒకతను గల్ఫ్‌లో ఆయిల్ రిగ్గులు కట్టే కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు. నెల పని, నెల సెలవు, హెలికాప్టర్‌లో తీసుకెళ్తారట. రెండు లక్షలు అడుగుతున్నాడు. పంపమంటారా?

జవాబు: అయ్యా, ఏజెంటు చెప్పినవాటిలో హెలికాప్టర్ నిజమే. కాకపోతే మీవాడు అది ఎక్కేలోపు కొన్నేళ్ళపాటు దాన్ని కింద నుంచి చూడాల్సి రావచ్చు. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను పదకొండేళ్ళు అలాంటివి కట్టే యార్డుల్లోనే చేశాను.

ముందు ఒక మాట. రిగ్గు అంటే బావి తవ్వేది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నిలబడి చమురు, గ్యాసు తీసేది ప్లాట్‌ఫాం. మనవాళ్ళు రెంటినీ రిగ్గనే అంటారు. ప్లాట్‌ఫాంని కట్టేది నేల మీదే. చెన్నై పక్కన కాట్టుపల్లి, గుజరాత్‌లో హజీరా, అబూదాబీలో ముసఫా లాంటి చోట్ల ఉన్న యార్డుల్లో కాళ్ళు, అంటే జాకెట్, విడిగా, పైభాగం విడిగా వెల్డింగ్ చేసి, బార్జ్ మీదకి ఎక్కించి సముద్రంలోకి తీసుకెళ్తారు. అక్కడ పైపులు, కేబుళ్ళు కలిపి పరీక్షించే హుకప్ పనివాళ్ళకే ఆ హెలికాప్టర్ యోగం. ‘రిగ్గుకి వెళ్ళాడు’ అనిపించుకునే కుర్రాళ్ళలో చాలామంది సముద్రాన్ని చూసేది యార్డు గోడ మీంచే.

తెల్లారకముందే బస్సు. దిగగానే టూల్‌బాక్స్ టాక్, అంటే పని మొదలెట్టే ముందు జాగ్రత్తలు చెప్పే చిన్న మీటింగు. సేఫ్టీ ఆఫీసర్ హిందీలో చెబుతాడు, ఒకడు తమిళంలోకి, ఇంకొకడు బెంగాలీలోకి మారుస్తాడు, అందరూ తలాడిస్తారు. అర్థమైందని కాదు, ఎండ ఎక్కుతోందని. తర్వాత పర్మిట్, అంటే ఫలానా పని చేసుకోవచ్చని రాసిచ్చే అనుమతి కాగితం. అది లేకుండా వెల్డింగ్ నిప్పురవ్వ కూడా రాలకూడదు. రెండు నిమిషాల పనికి సగం పూట సంతకాలు. సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి ఎప్పుడూ మనం ఇప్పుడే వెతికి వచ్చిన చోటికే వెళ్ళి ఉంటాడు.

నేనూ మొదట్లో నవ్వుకునేవాణ్ణి. 1988 జూలైలో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫాం తగలబడి 167 మంది పోయారు. ఒక పంపుకి ఉన్న సేఫ్టీ వాల్వ్‌ని మరమ్మతుకి విప్పారన్న కాగితం రాత్రి షిఫ్టువాళ్ళ కంటపడలేదు. వాళ్ళు ఆ పంపు నడిపారు. ఈ సంగతి తెలిశాక ఆ పెద్దమనిషి కోసం ఎంతసేపు తిరిగినా విసుక్కోలేదు. సరే, కొంచెం విసుక్కున్నాను.

వెల్డర్ల సంగతి వేరే. పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ వెల్డింగ్ చేయించే 6జీ పరీక్ష ఉంటుంది. అది పాసైనవాడు యార్డులో అల్లుడితో సమానం. రాత్రి అందర్నీ దూరంగా పంపేసి జాయింట్లకి ఎక్స్‌రే తీస్తారు. పొద్దున ఫిల్మ్ వచ్చేదాకా ఇంటర్ రిజల్ట్స్ టెన్షనే. ‘రిపేర్’ అని వచ్చిందా, ఎలక్ట్రోడ్‌దీ గాలిదీ ఎక్స్‌రే తీసినవాడిదీ తప్పవుతుంది, వెల్డర్‌ది తప్ప.

ఇక సముద్రంలోకి వెళ్ళేవాళ్ళని ముందు నమూనా హెలికాప్టర్‌లో బెల్టుతో కట్టి, నీళ్ళ కొలనులో ముంచి తలకిందులు చేస్తారు. అందులోంచి బయటపడితేనే సర్టిఫికెట్. మందు నిషేధం, లైటర్ నిషేధం, గ్యాసు ఉన్న చోట మామూలు ఫోన్ కూడా నిషేధం. తిండికి లోటుండదు. పప్పు ఉంటుంది కానీ అది మన పప్పు కాదు. ఆవకాయ సీసా తెచ్చుకున్నవాడికి ఫోర్‌మ్యాన్ కంటే మర్యాద ఎక్కువ. అలలు లేస్తే క్రేన్ ఆగిపోతుంది, ఇంతమందీ అలల్ని లెక్కపెడుతూ కూర్చుంటారు. ముంబై వైపైతే వర్షాకాలంలో ఇలాంటి పనులు దాదాపు ఆపేస్తారు.

ఇందులో ఒక చిక్కుంది. ప్రాజెక్టు ఎంత తొందరగా పూర్తయితే మన ఉద్యోగం అంత తొందరగా పోతుంది. నెల పని, నెల సెలవు అనేది ఎక్కువగా నడుస్తున్న ప్లాట్‌ఫాంల మీద, డ్రిల్లింగ్‌లో చేసేవాళ్ళకి. యార్డు పనికి సెలవు కాంట్రాక్టులో ఎలా రాస్తే అలాగే. ఆ కాగితం చూపించమనండి.

డబ్బు సంగతి. విదేశాలకి మనుషుల్ని పంపే ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, ఆ వివరాలు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో దొరుకుతాయి. మనిషి దగ్గర తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జి 30 వేలు, పైన జీఎస్టీ, రసీదుతో. రెండు లక్షలన్నాడంటేనే లెక్క తేలిపోయింది. ‘ముందు విజిట్ వీసా, అక్కడికెళ్ళాక మారుస్తాం’ అంటే ఇంకో మాట లేకుండా లేచి వచ్చేయండి.

నేనైతే ముందు ఏడాది అప్రెంటిస్‌గా చేర్పిస్తాను, విశాఖ షిప్‌యార్డులోనో, ఏదైనా ఫాబ్రికేషన్ యార్డులోనో. తర్వాత ఎన్‌డీటీ, అంటే ఎక్స్‌రే లాంటి వాటితో ముక్క పాడవకుండా లోపాలు పట్టే పరీక్షల్లో, లెవెల్ 2 సర్టిఫికెట్ చేస్తే ఇన్‌స్పెక్షన్ వైపు దారి దొరుకుతుంది. రిపోర్టు రాసేటంత ఇంగ్లిష్ ఈలోగా నేర్చుకోవాలి. చేతిలో నేర్పు ఉంటే వెల్డింగే పట్టనివ్వండి. డిప్లొమా చదివించి వెల్డర్‌ని చెయ్యడమా అని మీకు అనిపిస్తుంది, కానీ నేను చేసిన యార్డుల్లో మంచి 6జీ వెల్డర్ జీతం చూసి కొత్త ఇంజనీర్లు మాట మార్చేవారు.

ఒకటి మాత్రం మీరు రాయలేదు. ఉద్దానం కదా, మీవాడు కొబ్బరిచెట్టు ఎక్కుతాడా? జాకెట్ కాలు దానికంటే పొడవుంటుంది, పైగా అంత కష్టపడి ఎక్కినా పైన బొండాం ఉండదు.