గుర్రం వెనక్కాలి మోకాలు నిజంగానే వెనక్కి వంగుతుందా? జంతువుల అవయవాలకు మనిషి పేర్లు ఎందుకు సరిపోవు?

వంగదు. మీరు మోకాలు అనుకుంటున్నది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన చర్మం మడతలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. అది మన మోకాలు వంగినట్టే వంగుతుంది.

నేను పశువైద్యుణ్ణి. మొదటి సంవత్సరం పిల్లలకు ఎముకలు చూపించే పని కూడా కొన్నాళ్లు చేశాను. మీరు అడిగిన ఈ రెండు ప్రశ్నలూ రాని బ్యాచ్ లేదు. వాళ్లకు చెప్పిందే చెబుతాను: కాలిని నేల నుంచి పైకి లెక్కపెట్టకండి, తుంటి నుంచి కిందికి రండి. కుక్క ఏదైనా మచ్చికగా ఉంటే దాని తొడ ముందువైపు వేళ్లతో మెల్లగా తడుముతూ దిగండి. అటూ ఇటూ కాస్త కదిలే చిన్న ఎముక తగులుతుంది. అది చిప్ప. చిప్ప ఎక్కడుంటే మోకాలు అక్కడే. ఇంకా కిందికి దిగితే వెనకవైపు పొడుచుకొచ్చిన మొన, దాన్ని పట్టుకుని పైకి లాగుతున్నట్టు బిగుతుగా ఉన్న స్నాయువు దొరుకుతాయి. ఆ మొన మడమ, ఆ స్నాయువు మనకూ ఉన్న అకిలిస్ టెండనే. అక్కణ్ణుంచి నేల దాకా ఉన్నదంతా పాదం.

ఎలుగుబంటి మనలాగే మడమ ఆనించి నడుస్తుంది. కుక్క, పిల్లి వేళ్ల మీద నడుస్తాయి. ఆవు మూడో, నాలుగో వేళ్ల కొసల మీద నిలబడుతుంది. వెనక వేలాడే చిన్న గిట్టలు రెండో, ఐదో వేళ్లు. గుర్రానికి ఒక్క మధ్యవేలే మిగిలింది, గిట్ట దాని గోరు. గుర్రాలతో పనిచేసేవాళ్లు ఇంగ్లిష్‌లో ముందుకాలి ‘నీ’ (మోకాలు) అనేది మన మణికట్టు. అసలు మోకాలిని ‘స్టైఫిల్’ అనీ, మడమ దగ్గరి కీలుని ‘హాక్’ అనీ అంటారు. గుర్రపుశాలలో ఆ మాటలు బాగానే పనికొస్తాయి. రిపోర్టులో మాత్రం మణికట్టుకు కార్పస్, మడమ కీలుకు టార్సస్ అనే రాయమంటాను, లేకపోతే ముందుకాలికి తీయాల్సిన ఎక్స్‌రే వెనక్కాలికి తీస్తారు.

ఇక దిక్కుల సంగతి. మనిషి శరీరాన్ని వర్ణించేటప్పుడు అతను నిటారుగా నిలబడి, అరచేతులు ముందుకు తిప్పి ఉన్నాడనుకుంటాం. పొట్ట వైపు యాంటీరియర్, తల వైపు సుపీరియర్. అదే మనిషిని నాలుగు కాళ్ల మీద వంచితే? ముందువైపు అంటే తలా, పొట్టా? ఈ గొడవ లేకుండా జంతువులకు శరీరాన్నే కొలతగా పెట్టుకున్నారు: తల వైపు క్రేనియల్, తోక వైపు కాడల్, వీపు వైపు డోర్సల్, పొట్ట వైపు వెంట్రల్. జంతువు పడుకున్నా, వేలాడినా ఇవి మారవు. తలలోకి వెళ్లాక తల వైపు అంటే అర్థం లేదు గనక ముక్కు వైపుని రోస్ట్రల్ అంటారు. పైభాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర, మనిషిలో సుపీరియర్ వీనాకేవా, మాకు క్రేనియల్ వీనాకేవా. పశువైద్యంలో ఈ పేర్లన్నీ ఒక దారిన పెట్టిన అంతర్జాతీయ జాబితా, నోమినా అనటోమికా వెటరినేరియా, 1968లో వచ్చింది. నన్నడిగితే ఇదే సహజమైన పద్ధతి. మనిషి పిండాన్ని చదివేవాళ్లు కూడా క్రేనియల్, కాడల్ అనే అంటారు.

అలాగని యాంటీరియర్ కొట్టేసి క్రేనియల్ రాస్తే సరిపోదు. ఒకసారి ఎముకల డాక్టరొకాయన కుంటుతున్న తన కుక్కను తీసుకొచ్చి, “ఏసీఎల్ పోయినట్టుందండీ” అన్నారు. ఏసీఎల్ అంటే మోకాలి లోపలి యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్, ఎముకలను కలిపి పట్టే పట్టీ. మేం క్రేనియల్ క్రూషియేట్ అనేది దాన్నే, ఆయన అనుమానమూ నిజమే. అక్కడ పేరు మార్చితే చాలు. ముంజేతి దగ్గర చాలదు. మన అరచేయి ముందుకు తిప్పి ఉందనుకుంటాం కాబట్టి వేళ్లు ముడిచే కండరాలు యాంటీరియర్ వైపు. కుక్క పంజా నేలకు తిరిగి ఉంటుంది, అవే కండరాలు దానికి కాడల్ వైపు. మణికట్టు దాటాక క్రేనియల్, కాడల్ కూడా వదిలేసి, చేతి వెనకవైపుకి సమానమైన పక్కను డోర్సల్, అరచేతి పక్కను పామర్ అంటాం. వెనక్కాలికైతే డోర్సల్, అరికాలి పక్కకు ప్లాంటర్. కంటి లోపల ముందరి గదికి మాత్రం యాంటీరియర్ ఛాంబర్ అనే పేరు అలాగే ఉండిపోయింది. ఎందుకూ అని పిల్లలు అడిగితే, బట్టీ పట్టండి అనేవాణ్ణి.

పేర్లలో తమాషాలు కూడా ఉన్నాయి. మన బైసెప్స్‌కు రెండు మొదళ్లు (కండరం ఎముక మీద మొదలయ్యే చోట్లు), పేరు వచ్చిందే అందుకు. కుక్కకూ గుర్రానికీ దానికి ఒక్కటే మొదలు, అయినా బైసెప్సే. కుక్క ట్రైసెప్స్‌కు మూడు కాదు, నాలుగు.

మీరు జంతువుల బొమ్మలు వేసేవారైతే పేర్లకన్నా ఎక్కువ పనికొచ్చేది ఒకటి. డిసెక్షన్ బల్ల మీద కుక్క ముందుకాలు విడదీయాలంటే కండరాలు కోస్తే చాలు, కీలు తెంచే పనే ఉండదు. చివరి కండరం తెగగానే భుజం రెక్కెముకతో సహా కాలంతా చేతిలోకి వచ్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఏదో విరిగిందనుకుని కంగారు పడతారు. మన భుజాన్ని ఛాతీ ఎముకకు కలిపే కాలర్‌బోన్ గుర్రానికీ ఆవుకీ లేదు, కుక్కకు నామమాత్రం, పిల్లికి వేరే ఏ ఎముకకూ అతుక్కోని సన్నని పుల్ల. ఛాతీ రెండు రెక్కెముకల మధ్య కండరాల ఉయ్యాలలో వేలాడుతుంటుంది. అందుకే పిల్లి పొంచి నడిచేటప్పుడు ఒక్కో అడుగుకీ ఒక్కో రెక్కెముక వెన్నుకన్నా పైకి లేస్తుంది. మనిషి భుజంలా దాన్ని ఒకచోట బిగించి గీయకండి.