రాక్షసుడికి భోజనం పెట్టిన రోజు: జోర్క్ ఇప్పటికీ ఎందుకు ఆడాలి

బొమ్మ ఒక్కటీ లేని, తెర మీది వర్ణన చదివి ఏం చేయాలో టైపు చేస్తూ ఆడే ‘జోర్క్’ వంటి పాత కంప్యూటర్ ఆటను ఈ రోజుల్లో కూర్చుని ఆడటంలో ఏమైనా అర్థముందా అన్నది మీ ప్రశ్న. ఉందని గట్టిగా చెబుతాను, అయితే నా దగ్గరున్న సాక్ష్యమల్లా ఒక ఒంటికన్ను రాక్షసుడూ ఒక భోజనపు పొట్లమూ మాత్రమే.

1991లో నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్‌లోకి, గుడిలోకి వెళ్ళినట్టే, చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. పాస్కల్ ప్రోగ్రాములు రాసుకోవడానికి వారానికి రెండు గంటలు ఇచ్చేవారు గానీ, ఒక సీనియర్ ఎక్కడినుంచో సంపాదించిన జోర్క్ ఫ్లాపీ ఆ రెండు గంటలనూ మింగేసేది. దానితో పాటు పుస్తకం గానీ పటం గానీ రాలేదు. తెల్లని ఇల్లు, దాని ఎదుట ఒక పోస్టు డబ్బా అని తెరపై అక్షరాలు కనిపించగానే, వీధి మొగలో ఎర్రగా ఉండవలసిన డబ్బా ఇంటి ముందుకు ఎందుకు వచ్చిందో తెలుగు మీడియంలో చదివిన నాకు అర్థం కాలేదు. చీకట్లో తిరిగితే ‘గ్రూ’ తినేస్తుందని ఆట హెచ్చరించినప్పుడు, ఆ జంతువు కోసం లైబ్రరీలోని నిఘంటువంతా వెతికి వచ్చాను.

ఆ ఇంటి వంటగదిలో, బల్ల మీద, ఘాటైన మిరపకాయల వాసన వేస్తున్న సంచి ఒకటీ నీళ్ళ సీసా ఒకటీ ఉంటాయి. ఎదురుగా భోజనం ఉంటే తినడమే మర్యాద అనుకుని, పొట్లం విప్పి తిని, నీళ్ళు కూడా తాగేశాను. రెండుసార్లూ ఆట నాకు ధన్యవాదాలే చెప్పింది. తరువాత తివాచీ కింది తలుపు తీసి నేలమాళిగలోకి దిగి, గొడ్డలి పట్టుకున్న వేరే రాక్షసుణ్ణి చంపి, అన్ని మలుపులూ ఒకేలా ఉండే చిక్కుదారుల్లో గుర్తుకోసం ఒక్కొక్క చోట ఒక్కొక్క వస్తువు పడవేసుకుంటూ (వాటిని ఒక దొంగ వెనకాలే వచ్చి ఎత్తుకుపోతుంటాడు) చివరికి మెట్లకు అడ్డంగా నిలబడ్డ సైక్లోప్స్ అనే ఒంటికన్ను రాక్షసుడి దగ్గరికి చేరాను. కత్తితో పొడిస్తే భుజాలు ఎగరేసి ఊరుకున్నాడు. చేతిలో మిగిలిన వెల్లుల్లి రెబ్బ ఇస్తే, ఎంత ఆకలైనా దానికీ ఒక హద్దుంటుందని ఆట చెప్పింది. అప్పుడు వెలిగింది, వీడు ఆకలిగా ఉన్నాడని. కానీ అన్నం నా కడుపులో ఉంది, ఆటను దాచుకున్న ఫైలు కూడా అన్నం తిన్న తరువాతిదే.

మరుసటి వారం మొదటినుంచీ ఆడి, ఆ పొట్లాన్ని ముట్టకుండా వాడిదాకా మోసుకుపోయాను. వాడు లొట్టలు వేస్తూ తిని, దాహంగా ఉంది, నీ రక్తం తాగనా అన్నట్టు చూశాడు. నీళ్ళ సీసా ఇచ్చాను. తాగి, ఆవలించి, నిద్రపోయాడు. వెనక నిలబడి చూస్తున్న నా రూమ్మేటు “ఒరేయ్, వీడు మన గుంటూరువాడేరా!” అని అరిచినందుకు ల్యాబ్ అసిస్టెంటు మా ఇద్దరినీ బయటికి పంపించాడు.

ఆ చిక్కుకు రెండో దారి ఉందని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. గ్రీకు గాథల్లో ఇలాంటి రాక్షసుడి కన్ను పొడిచిన ఒడిస్సియస్ పేరు పలికితే, వాడు గోడ పగలగొట్టుకుని పారిపోతాడు. ఆ కంతలోంచి ఇంటికి దగ్గరి దారి దొరుకుతుంది. మిరపకాయల దారిలో వెళ్ళిన నాకు ఆ దారి దొరకలేదు. అయినా నాకు విచారం లేదు. గ్రీకు కథ చదివినవాడికి ఒక తలుపూ, కారం తిన్నవాడికి దాహం వేస్తుందని తెలిసినవాడికి మరొక తలుపూ పెట్టిన ఆటను నేను మళ్ళీ చూడలేదు.

అన్నం తినేసిన నాకు, తెలియని పేరు పలకడం తప్ప దారి లేదని ఒక్క మాటైనా చెప్పకపోవడం మాత్రం అన్యాయమే. లాంతరు బ్యాటరీ అయిపోయేటట్టు చేయడం అంతకంటే అన్యాయం. అయినా వెళ్ళవలసిన చోటుకు బాణం గుర్తు పెట్టి, ఆటగాడి చేయి పట్టి నడిపించే నేటి ఆటలకంటే ఆ అన్యాయమే నయమని నా అభిప్రాయం.

ఇన్ని మాటలు ఆ చిన్న ఫ్లాపీలో ఎలా పట్టాయని అప్పట్లో ఆశ్చర్యపోయేవాణ్ణి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ 1977లో ఈ ఆటను పీడీపీ-10 అనే పెద్ద యంత్రం మీద రాయడం మొదలుపెట్టారు. ఇన్ఫోకామ్ సంస్థ దాన్ని ఇళ్ళలోని చిన్న కంప్యూటర్లకు తెచ్చేటప్పుడు మొత్తం పట్టక మూడు భాగాలు చేసింది. 1980లో బయటికి వచ్చిన మొదటి భాగమే నేను ఆడినది. పైగా ఆటను ఏ నిజమైన కంప్యూటర్ కోసమూ కాక, జడ్-మెషీన్ అనే ఊహాయంత్రం కోసం తయారుచేసి, ఒక్కొక్క రకం కంప్యూటర్‌కు ఆ యంత్రాన్ని అనుకరించే చిన్న ప్రోగ్రామును మాత్రం విడిగా రాశారు. ఆ ఏర్పాటు వల్లనే అది ఇవాళ మీ ఫోనులో కూడా నడుస్తుంది.

ఆడేటప్పుడు పక్కన తెల్ల కాగితమూ పెన్సిలూ పెట్టుకోండి, ప్రతి గదినీ గీసుకోండి. రాక్షసుడి చిక్కును నేనే పాడుచేశాను గనుక క్షమించండి. చెట్టు మీద దొరికే రత్నాల గుడ్డును పగలకుండా ఎవరి చేత తెరిపించాలో మాత్రం చెప్పను.