మెట్టినింటి ఊళ్లో సర్పంచ్‌గా నిలబడాలంటే ముందు ఓటు మార్చుకోండి

చెల్లెమ్మా, ముగ్గురు పిల్లలున్నారు, ఓటేమో ఇంకా భీమవరం దగ్గర పుట్టింట్లోనే ఉంది, రాజోలు వైపు అత్తగారి ఊళ్లో సర్పంచ్‌గా నిలబడొచ్చా అని అడిగారు. నిలబడొచ్చు. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లోనే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎత్తేసింది, ఆ మాట చెప్పి ఎవరు భయపెట్టినా పట్టించుకోకండి.

అసలు అడ్డంకి ఓటే. పోటీ చేసే మనిషి పేరు ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలోనే ఉండాలి. ఆ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తయారుచేస్తారు. కాబట్టి నోటిఫికేషన్ దాకా ఆగకుండా ఈ వారమే ఓటు చిరునామా మార్చే ఫారం 8 పెట్టండి, బీఎల్‌వో (మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి) చేతికిచ్చినా సరే. పేరు ఎక్కిందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

రిజర్వు సీటైతే మీ పుట్టింటి కులమే లెక్క, భర్తది కాదు. పంచాయతీ పన్ను బకాయిలు కట్టేసి రసీదులు దాచండి.

ఇక ప్రచారం. పార్టీ గుర్తు ఉండదు, మీ మాటే మీ గుర్తింపు. పెద్ద డ్రెయిన్లు తవ్విస్తానని మాత్రం అనకండి, అవి ఇరిగేషన్ వాళ్లవి. మంచినీళ్లు పంచాయతీ పని. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసేలోగా ఊరి మంచినీళ్ల చెరువు నిండిందా, నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్లు శుభ్రం చేశారా, పక్కనున్న రొయ్యల చెరువుల ఉప్పునీరు ఊరి చెరువులోకి ఊరుతోందా? ఎండల్లో బిందె పట్టుకుని నిలబడే ఆడవాళ్లను ఇంటింటికీ వెళ్లి అడగండి. ఈ ఒక్క పని గట్టిగా చేసే సర్పంచ్ మన కోనసీమ తీర గ్రామాలకు ఎంతో అవసరం, అందుకే మీరు నిలబడాలని మనసారా కోరుకుంటున్నాను.

ఖర్చుకి మొదటిరోజు నుంచే పుస్తకం పెట్టండి. ఓడినా గెలిచినా లెక్క అప్పగించాల్సిందే.