తాడు చేతికి చుట్టుకోవద్దు

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

మీ స్నేహితుడెవరో హీలియం బెలూన్ల గుత్తి కింద కుర్చీ కట్టుకుని ఎగురుతున్నాడనీ, కింద తాళ్లు పట్టేవాళ్లలో నువ్వూ ఉన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే గుండె దడదడలాడింది. మరుక్షణమే, నా మేనకోడలు కదా అని పొంగిపోయాను. విశాఖలో వాతావరణ శాఖ బెలూన్లు ఎగరేసి బతికినవాణ్ణి, నిన్ను వెళ్లొద్దనడానికి నాకు నోరు రాదు.

చలికోటు, మంచినీళ్లు తీసుకెళ్లు. గాలి నిలకడగా ఉండేది తెల్లవారుజామునే, ఆ వేళ దాటితే ఆ రోజుకు మానుకోమను. హీలియం మా హైడ్రోజన్‌లా అంటుకోదు, కానీ గొంతు మారుతుందని సరదాకి పీల్చారో, ఆక్సిజన్ అందక నిలుచున్నవాళ్లు నిలుచున్నట్టే కూలిపోతారు.

నా భయమంతా తాడు గురించే.

1932 మే 11న మీ కాలిఫోర్నియాలోనే, శాన్‌డియాగో దగ్గర క్యాంప్ కియర్నీలో, అమెరికా నౌకాదళం ఆక్రాన్ అనే పెద్ద ఎయిర్‌షిప్‌ను, అంటే గ్యాస్‌తో తేలుతూ ఇంజన్లతో నడిచే ఆకాశ నౌకను, దించబోయింది. అందులో ఉన్నదీ హీలియమే. ఎండకు గ్యాస్ వేడెక్కి అది తేలికైపోయింది. కింద తాళ్లు పట్టుకున్న నావికుల్లో చాలామందికి ఆ పని కొత్త. ఉన్నట్టుండి అది పైకి లేచింది. ఎక్కువమంది వదిలేశారు. ముగ్గురు తాడుతోపాటే బాగా పైకి వెళ్లిపోయారు. ఇద్దరు పట్టు జారి, పడి చనిపోయారు. మూడో కుర్రాడు తాడుకే తనను తాను కట్టుకుని వేలాడాడు, చాలాసేపటికి పైవాళ్లు లోపలికి లాక్కున్నారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదమ్మా. పాదాలు నేల వదిలిన మొదటి క్షణంలో, నా బరువుకు ఇది దిగుతుందిలే అనిపిస్తుంది. రెండో క్షణానికి వదలలేనంత ఎత్తు. వదలాల్సింది ఆ మొదటి క్షణంలోనే.

ఘనమీటరు హీలియం సుమారు కిలో బరువు మోస్తుంది. మనిషి, కుర్చీ, బరువు కోసం కట్టే నీళ్ల సంచులు అన్నీ కలిపి మీరు చీకట్లో, చల్లగా ఉన్నప్పుడు లెక్క కడతారు. ఎండ తగిలాక ఆ లెక్క నిలవదు. గాలి విసురుకి మా చిన్న బెలూనే చేతిలోంచి గుంజుకునేది. అలాంటిది మనిషిని మోసే గుత్తిని ఒంటి బలంతో ఆపగలననుకోకు. మడమలు లేచాయంటే వదిలెయ్. పక్కవాళ్లు ఏమనుకున్నా సరే.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నీ సంగతి నాకు తెలుసు. తిరునాళ్లలో కొన్న బెలూన్ దారం వేలికి బిగించి చుట్టుకుని, వేలు నీలంగా మారినా విప్పనిచ్చేదానివి కాదు. ఏడుస్తూ అలాగే నా భుజం మీద నిద్రపోయేదానివి. ఆ మొండితనంతోనే అంత దూరం వెళ్లి చదువుకున్నావు, కాదనను. తాడు దగ్గర మాత్రం వద్దు తల్లీ.

అతను లేచాక కారులో వెంటపడతారుగా, డ్రైవింగ్ చేసేవాళ్లు ఆకాశం చూడకూడదు. 1982లో ల్యారీ వాల్టర్స్ కుర్చీకి బెలూన్లు కట్టుకుని సుమారు 16,000 అడుగులు వెళ్లి, దిగేటప్పుడు లాంగ్‌బీచ్‌లో కరెంటు తీగల్లో చిక్కుకున్నాడు. మీవాడికీ అలాగే అయితే, కరెంటు తీసేదాకా ఎవరూ దగ్గరికి పోవద్దు.

తోలు గ్లౌజులు కొనుక్కో, నైలాన్ తాడు అరచేతులు కోసేస్తుంది. ఇంకొకటి, తాళ్లన్నీ ఒక్క లాగుతో విడిపోయే కొక్కెం ఏదైనా పెట్టాడా అతను? కనుక్కుని ఈ రాత్రికే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య