బంతిలా కత్తిరించిన ఫైకస్ కింది భాగం బోసిపోతోంది, ఏం చేయాలి?

బంతిలా కత్తిరించిన మీ ఫైకస్ (మర్రి జాతి అలంకార మొక్క) పైన గుబురుగా ఉన్నా కింద పుల్లలు తేలుతున్నాయనీ, మేలో కత్తెర వేస్తే లోపలి ఆకులు మాడిపోయాయనీ రాశారు. మా మల్కాజిగిరి డాబా మీద నాకూ ఈ రెండూ జరిగాయి.

కింద బోసిపోవడానికి ముఖ్య కారణం నీడ. పై కొమ్మలు పక్కలకు సాగి గొడుగులా కప్పేస్తాయి. కింది ఆకులకు వెలుగు అందక రాలిపోతాయి. అప్పుడు ఎరువు ఎంత వేసినా లాభం లేదు. నేను రెండేళ్లు వర్మీకంపోస్టు వేస్తూనే పోయాను. ఆ తర్వాత పైభాగాన్ని బాగా దగ్గరగా కత్తిరించి, కింది కొమ్మల్ని నాలుగు వేళ్లంత ఎక్కువ బయటికి పెరగనిచ్చాను. అచ్చమైన గుండ్రం కాదు, ధాన్యపు రాశిలా కింద కొంచెం వెడల్పన్నమాట. కుండీ పిట్టగోడ పక్కన ఉంటే వారానికోసారి పావు వంతు తిప్పండి. మా మొక్క పుల్లల మీద చిగుళ్లు రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఆ మొదటి చిగురు చూసిన రోజు నేను ఆఫీసుకు లేటుగా వెళ్లాను.

ఇక మాడిపోవడం సంగతి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అన్నాళ్లూ నీడన ఉన్న ఆకులు ఒక్కసారిగా ఆ ఎండకు తట్టుకోలేవు. పెద్ద కత్తిరింపు జూన్‌లో నాలుగు వానలు పడ్డాకే పెట్టుకోండి, అప్పుడు కూడా మూడో వంతుకు మించి తీయొద్దు. ఎండాకాలంలో పొడుచుకొచ్చిన కొసలు మాత్రం సాయంత్రం పూట గిల్లితే చాలు. కోసిన చోట పాలు కారతాయి, కొందరికి దురద పెడుతుంది, గ్లౌజులు వేసుకోండి. పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకునే పురుగు) కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక కొట్టండి.

పక్కనున్న మోర్‌పంఖీని (థూజా మొక్కని) కోన్‌లా చేస్తానన్నారు, అక్కడే నాకు భయం. ఫైకస్ ముదురు కొమ్మ మీద కూడా చిగురిస్తుంది. మోర్‌పంఖీ అలా కాదు, పచ్చదనం దాటి లోపలి గోధుమరంగు పుల్ల దాకా కోస్తే అక్కడ ఇక చిగురు రానట్టే. మా మోర్‌పంఖీ వంకర సరిచేద్దామని తొందరపడి ఒక పక్క లోతుగా కోశాను, నాలుగేళ్లయినా ఆ గుంత పూడలేదు. ముందు గోల్డెన్ దురంత (పసుపు ఆకుల కంచె మొక్క) ఒకటి తెచ్చి దాని మీద చెయ్యి అలవాటు చేసుకోండి. అది తప్పు కోసినా వానల్లో త్వరగానే కమ్ముకుంటుంది.