పాత బీటిల్‌లో పెట్రోల్ హీటర్: ఫ్యాన్ తిరుగుతోంది, వేడి రావట్లేదు. ఎందుకు?

ముందు బ్యాటరీ చూడండి. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌ను గాలే చల్లబరుస్తుంది, రేడియేటర్ నీళ్ల వేడి దొరకదు. అందుకే చలి దేశాల్లో కొందరు పెట్రోల్ మండించే హీటర్ విడిగా పెట్టించుకునేవారు. ఫ్యాన్ తిరగడానికి సరిపోయిన కరెంటు, హీటర్‌లో పెట్రోల్‌ను అంటించే ప్లగ్ వెలగడానికి సరిపోకపోవచ్చు. అందులోనూ 6 వోల్టుల బండైతే, తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ వైరు చాలు హీటర్ మొరాయించడానికి. వోల్టేజ్‌ను ప్లగ్ దగ్గరే కొలవండి. అది బాగుంటే పెట్రోల్ పైపు, పంపు, ప్లగ్‌కి పట్టిన మసి, హీటర్ మరీ వేడెక్కితే తెగిపోయే ఓవర్‌హీట్ ఫ్యూజు చూడండి.

వెలగలేదని పదే పదే స్విచ్ వేయకండి. మండని పెట్రోల్ లోపల చేరి ఒక్కసారిగా అంటుకోవచ్చు. కారులో పొగ వాసన వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. హీటర్‌లో పెట్రోల్ మండే గది చిల్లుపడితే కార్బన్ మోనాక్సైడ్ మీ దాకా వస్తుంది, దానికైతే వాసన కూడా ఉండదు.